నిత్యసుఖపురం వెనకవీధి

ఊఁ కొట్టేవాళ్ళు గట్టిగా ఊఁ కొట్టండి. భయమేసినవాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. సిగ్గుపడనక్కర్లేదు, ఈ కథలో రాకుమారుడే పెద్ద పిరికివాడు.

ఏడు సముద్రాలకు ఇవతల కుందనవరం అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, రెండోవాడు గుణధీరుడు, మూడోవాడు అభయుడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు అభయుడు భయపడని వస్తువంటూ లేదు. పిల్లి దూకితే భయం, పిడుగు పడితే భయం, వెనక నించి ఎవరైనా వస్తే మరీ భయం. అందుకని ఏ గదిలోకి వెళ్ళినా ముందు నాలుగు మూలలూ చూసుకునేవాడు. ఎవరు దగ్గరికొచ్చినా ముందు వాళ్ళ చేతులకేసి, తర్వాత మొహంకేసి కళ్ళార్పకుండా చూసేవాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చే దాసీని కూడా అలాగే చూసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. పెద్దన్న రణధీరుడు మాత్రం నవ్వకుండా, పొద్దువాలాక పొడుగు వసారా దాటాలంటే తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని దాటించేవాడు.

ఒకనాడు ఒక ఓడవర్తకుడు వచ్చి రాజుగారికి నిత్యసుఖపురం సంగతి చెప్పాడు.

"అక్కడ ఎండాకాలం లేదు మహారాజా. వీధిలో దుమ్ము లేదు. కుండ పెడితే నీళ్ళు నిండుతాయి. ఆకలేస్తే విస్తరి పడుతుంది. పొద్దువాలితే దీపం వెలుగుతుంది."

"ఎవరు చేస్తారయ్యా ఇదంతా?"

"అది ఎవరికీ తెలీదు మహారాజా. అడిగినవాళ్ళూ లేరు."

రాజుగారికి నోరూరిపోయింది. తన పట్నాన్ని కూడా అలా కట్టించాలనుకుని, పెద్దకొడుకుని పిలిచి, "వెళ్ళి ఆ ఊరి వీధులెలా ఉన్నాయో, నీళ్ళెలా వస్తాయో, దీపాలెలా వెలుగుతాయో చూసి రా" అన్నారు. రణధీరుడు వెళ్ళాడు. ఆరు నెలలకి ఒక పావురం తాటాకు ముక్క తెచ్చింది. "ఇక్కడ అంతా హాయి. ఇంకో మూడు రోజులుండి వస్తాను" అని ఉంది. మూడు రోజులు పోయాయి, మూడు నెలలు పోయాయి, అతను రాలేదు. రెండోవాడు గుణధీరుడు వెళ్ళాడు. ఆరు నెలలకి ఇంకో పావురం ఇంకో తాటాకు తెచ్చింది. "ఇక్కడ అంతా హాయి. ఇంకో మూడు రోజులుండి వస్తాను."

అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు. రాత పెద్దన్నదీ కాదు, చిన్నన్నదీ కాదు. రాజుగారు "హాయిగా ఉన్నారట" అని మురిసిపోయారు. అభయుడికి మాత్రం భయమేసింది. మర్నాడు పొద్దున్నే మూట కట్టుకున్నాడు.

రాణిగారు అడ్డం పడ్డారు. "పిల్లికి దడుసుకునేవాడివి, నువ్వెక్కడికి నాయనా?"

"అన్నయ్యలు లేని ఇంట్లో ఇంకా భయంగా ఉందమ్మా. ఎలాగూ భయపడక తప్పదు. వెళ్ళి అక్కడే భయపడతాను."

ఉప్పు సముద్రం దాటాడు. చెరకురసం సముద్రం దాటాడు. కల్లు సముద్రంలో పడవవాళ్ళు తూలుతుంటే తనే తెడ్డు పట్టుకున్నాడు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం, ఏడూ దాటాడు. దాటినంతసేపూ పడవ అంచు వదల్లేదు. అరచేతులు పుళ్ళు పడిపోయాయి.

ఏడో ఒడ్డున దిగేసరికి గడ్డిపరక కూడా లేదు. నేల నెర్రెలిచ్చింది. రాళ్ళు వేడికి చిట్లుతున్నాయి. ఒక గుట్టెక్కి చూస్తే దూరాన తెల్లగా మెరుస్తూ కనబడింది నిత్యసుఖపురం.

ఆ ఊరి తీరే వేరు, పిల్లలూ. ఊరంతటికీ ఒకటే వీధి. నూనెలో వత్తిన జంతికలా చుట్టూ చుట్టూ తిరుగుతూ లోపలికి పోతుంది. మొత్తం మూడు చుట్లు. బయటి చుట్టులో ఎప్పుడూ వానాకాలం, సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది. రెండో చుట్టులో ఎప్పుడూ చలికాలం, దుప్పటి కప్పుకుంటే బావుండుననిపించే చలి. మూడో చుట్టులో ఎప్పుడూ వసంతం. వీధికి అటూ ఇటూ సున్నం కొట్టి నునుపు తేల్చిన మేడలు, మేడల ముందు వెడల్పాటి అరుగులు. మూడు చుట్ల మధ్యలో ఏడంతస్తుల బురుజు. ఆ బురుజులో ఊరిని ఏలే సుఖవర్ముడనే మాంత్రికుడు ఉంటాడు.

మరి ఎండాకాలం ఏమైంది? అభయుడికీ అదే అనుమానం వచ్చింది. కోటగుమ్మానికి కాస్త ఎడంగా, గోడవారన ఇంకో సందు ఉంది. దాని మూతిలోంచి పొయ్యిలోంచి కొట్టినట్టు సెగ కొడుతోంది. ఆ సందుకి అడ్డంగా, బట్టల మూటలు మోస్తూ ఒక ముసలి గాడిద నిలబడి ఉంది.

గాడిద తంతుందేమోనని అభయుడి ప్రాణం పైకెగిరింది. రెండు చేతులూ జోడించి, "గాడిదగారూ, కాస్త దారిస్తారా?" అన్నాడు. నవ్వకండి. అంతటి వసుదేవుడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు.

గాడిద చెవులు నిక్కబొడుచుకుంది. "గారూ అన్నావా! ఈ ఊళ్ళో నన్ను ఇలాంటి మాటన్నవాడు లేడు. నీ మొహం చూస్తే ఇంతకుముందొచ్చిన ఇద్దరి పోలికలున్నాయి. వాళ్ళు దర్జాగా కాళ్ళు చాపారు. నువ్వు చాపితే చాపు గానీ, చూడు. చూస్తూనే ఉండు."

"దేన్ని?"

"నీకు చేసేవాళ్ళని" అని చెప్పి గాడిద సందులోకి పోయింది.

అభయుడు గుమ్మం దాటి బయటి చుట్టులో అడుగుపెట్టాడు. తుంపర చల్లగా మొహం మీద పడింది. మొదటి అరుగు మీద ఒక లావుపాటి పెద్దమనిషి ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాడు. "కొత్తా నాయనా? కూర్చో, కాళ్ళు చాపు" అన్నాడు. అభయుడు అరుగు అంచున కూర్చున్నాడు. అప్పుడు ఆ మేడ గోడలో రెండు చేతులు పట్టేంత కంతలోంచి ఇత్తడి చెంబుతో రెండు చేతులొచ్చి అతని కాళ్ళ మీద నీళ్ళు పోశాయి.

మీరైతే ఏం చేస్తారు? రాకుమారులైతే ఏం చేస్తారు? పుట్టినప్పట్నించీ ఎవరో కాళ్ళు కడుగుతూనే ఉంటారు కాబట్టి ఎటో చూస్తూ కూర్చుంటారు. అభయుడు అలా కూర్చోలేకపోయాడు. కెవ్వున అరిచి కాళ్ళు వెనక్కి లాక్కుని, ఆ చేతులెవరివో చూద్దామని కంతలోకి వంగాడు.

లోపల ఒక మనిషి ఉంది. ఆ మనిషికి మొహం లేదు. కడిగి బోర్లించిన పళ్ళెంలా నున్నగా ఉంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు.

అభయుడు హడలిపోయాడు. పారిపోదామంటే కాళ్ళు రావు. కళ్ళు మూసుకుందామంటే, మూసుకున్నాక అది ఏం చేస్తుందోనని ఇంకా భయం. అందుకని చూస్తూనే ఉన్నాడు. చూస్తుండగా ఆ నున్నటి మొహం మీద రెండు చోట్ల మెల్లగా గుంటలు పడ్డాయి. గుంటల్లో రెండు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ కళ్ళు అతన్ని చూసి నీళ్ళు పెట్టుకున్నాయి.

"అయ్యా, ఆ చేతులు ఎవరివండీ?" అని అరుగు మీది పెద్దమనిషిని అడిగాడు.

"ఏ చేతులు?" అన్నాడాయన. ఆయన కాళ్ళ మీద కూడా నీళ్ళు పడుతున్నాయి.

అభయుడు తలెత్తి చూశాడు. నెత్తిమీద ఏముందో చూడకుండా ఉండలేని మనిషి కదా! చూరుల మీద వరసగా మొహాల్లేని మనుషులు జల్లెడలు పట్టుకుని నీళ్ళు వంపుతున్నారు. ఆ ఊరి వానాకాలం అదీ. రెండో చుట్టులోకి పరిగెత్తాడు. అక్కడ మేడల వెనక మొహాల్లేనివాళ్ళు తడిసిన వట్టివేళ్ళ తడికలు పట్టుకుని, పెద్ద పెద్ద విసనకర్రలతో విసురుతున్నారు. ఆ ఊరి చలికాలం అదీ. ఇంకా కొందరు మంత్రించిన చీపుళ్ళతో వీధిలో పడ్డ ఎండని పడ్డట్టే ఊడ్చి, గోడ కంతల్లోంచి వెనక్కి తోసేస్తున్నారు. అరుగుల మీది జనం వాళ్ళ మధ్యలోంచే నడుస్తున్నారు. ఒక్కరూ కన్నెత్తి చూడరు.

రెండో చుట్టులో ఒక సత్రం ఉంది. కడుపు కాలిపోతుంటే అభయుడు విస్తరి ముందు కూర్చున్నాడు. వడ్డించడానికి వచ్చిందీ ఆ కళ్ళ మనిషే. వడ్డించినంతసేపూ వణుకుతూనే చూశాడు. ఈసారి ముక్కు వచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మూడో చుట్టులో, సాయంత్రానికి, అతని పక్కన దీపం పెట్టడానికి వచ్చిందీ ఆ మనిషే. ఈసారి నోరు వచ్చింది. చూస్తే ఇరవయ్యేళ్ళ అమ్మాయి.

"నేను పడవవాళ్ళ పిల్లని బాబూ" అంది. గొంతు బొంగురుగా ఉంది. "నా పేరు... ఉండండి, గుర్తొస్తోంది... చెంగలి. పడవలో సరుకు తెచ్చి ఈ ఊళ్ళో దిగాను. అలిసిపోయి ఉన్నానేమో, నీళ్ళిచ్చారు, తాగాను. అన్నం పెట్టారు, తిన్నాను. దీపం పెట్టారు, పడుకున్నాను. పెట్టిందెవరో చూళ్ళేదు. పొద్దున లేచేసరికి నాకు మొహం లేదు. బయటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మూడు సేవలు చూడకుండా అందుకుంటే వాళ్ళూ సేవకులైపోతారు. చూసి అందుకుంటే చేసినవాళ్ళకి మొహం తిరిగొస్తుంది."

"మరి ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదా?"

"కాళ్ళు కడిగేవాళ్ళ మొహం ఎవరు చూస్తారు బాబూ?"

అంతలో బురుజు పైనించి ఒక గొంతు వినబడింది. "తమ్ముడూ! రా, ఇక్కడ అంతా హాయి!" అది రణధీరుడి గొంతు. అభయుడు ఒక్క ఉదుటున లేచాడు. చెంగలి అతని చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"అది మీ అన్న కాదు, చిలక. సుఖవర్ముడి ప్రాణం అందులో ఉంది. నోళ్ళు పోయినవాళ్ళ గొంతులన్నీ దాని గొంతులోకే పోతాయి. ఆ గొంతులతోనే కొత్తవాళ్ళని పిలుస్తుంది. మొహం లేనివాళ్ళకీ, మాంత్రికుడికీ తప్ప ఆ బురుజు మెట్లు కనబడవు. మనం ఎక్కలేం."

ఆ రాత్రి ఆమె అతన్ని మేడల వెనక్కి తీసుకుపోయింది. ముందు వీధి ఎలా చుట్లు తిరిగిందో, దాని వెనకే ఇంకో సన్నటి వీధి అలాగే చుట్లు తిరిగి ఉంది. ఊరు ఊడ్చి పారేసిన ఎండంతా అక్కడే పోగుపడింది. పొద్దుగూకినా గోడలు కాలుతూనే ఉన్నాయి. ఆ సెగలో మోకాళ్ళ మీద తలలు పెట్టుకుని వందలమంది కూర్చుని ఉన్నారు. తలలెత్తితే వందల నున్నటి పళ్ళాలు.

అభయుడు గోడ పట్టుకుని కూలబడ్డాడు. "చెంగలీ, నావల్ల కాదు. నాకు చాలా భయంగా ఉంది" అని ఏడ్చాడు.

"భయపడండి. కళ్ళు మాత్రం ముయ్యకండి" అంది చెంగలి.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టారు. ఒకరిని నీళ్ళడిగేవారు, ఒకరిని విసరమనేవారు, ఒకరిని నీడ పట్టమనేవారు. చేసినంతసేపూ చూసేవారు. మూడు సేవలు, మూడు చూపులు, ఒక మొహం. రెండోరోజు బాతులా నడిచే ఒక ఊడ్చేవాణ్ణి చూసి అభయుడు గుర్తుపట్టాడు. అది చిన్నన్న నడక! మూడు చూపులయ్యేసరికి గుణధీరుడు నోరు తెరిచి, "ఒరే పిరికీ, నువ్వెలా వచ్చావురా ఇక్కడికి?" అని తమ్ముణ్ణి కౌగిలించుకుని భోరుమన్నాడు. మొహాలొచ్చినవాళ్ళు మొహాల్లేనివాళ్ళని చూడటం మొదలుపెట్టారు. ఒకరు ఇద్దరయ్యారు, ఇద్దరు నలుగురయ్యారు.

మొదటిరోజు వాన ఆగిపోయింది. రెండోరోజు చలి ఆగిపోయింది. మూడోరోజు విస్తర్లు పడలేదు. అరుగుల మీద జనం కాళ్ళు చాపుకుని కూర్చుని "నీళ్ళేవీ, నీళ్ళేవీ" అని ఆకాశాన్ని తిట్టారు. సుఖవర్ముడు మాత్రం, కాస్త ఉక్కగా ఉందే అనుకుని పక్కకి ఒత్తిగిలాడు. ఎవరు చేస్తున్నారో చూడనివాడికి ఎవరు మానేశారో ఎలా తెలుస్తుంది?

ఇక మిగిలింది ఒక్కడే. రణధీరుడు.

"ఆయన చిలక దగ్గర పని" అంది చెంగలి. "మధ్యాహ్నం ఒక్కసారే దిగుతాడు, దాని మేత కోసం."

అభయుడు మిట్టమధ్యాహ్నం వెనకవీధి చివర కాపు వేశాడు. ఆ చివర ఒక వేపచెట్టుంది. నిత్యసుఖపురం మొత్తానికి అదొక్కటే వేపచెట్టు. ఎండాకాలం ఉన్నచోటేగా వేపపళ్ళు పండేది! రణధీరుడు చిన్న బుట్ట పట్టుకుని వచ్చాడు. ఎడమచేతి చిటికెనవేలు వంకర చూసి అభయుడు పోల్చుకున్నాడు. "అన్నయ్యా!" అని మొహంలోకి చూశాడు. ఒక నిమిషం చూశాడు, ఒక గడియ చూశాడు. ఏమీ రాలేదు. రణధీరుడు సేవ చేసేది చిలక ఒక్కదానికే. అభయుడి చేతికి అతను చుక్క నీళ్ళివ్వడు, గుప్పెడు మేత పెట్టడు. అందుకోని సేవని చూసి ఏం లాభం? రణధీరుడు పండిన పళ్ళు బుట్టలో వేసుకుని, తమ్ముణ్ణి స్తంభంలా దాటుకుని బురుజెక్కిపోయాడు.

అభయుడు చెట్టు కింద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి చెట్టుకేసి చూశాడు. "చెంగలీ, చిలక ఏం తింటుందో సుఖవర్ముడికి తెలుసంటావా?"

చెంగలి ఆలోచించింది. "ఆయన ఈ వీధిలోకి ఎప్పుడూ రాలేదు. పెట్టేవాణ్ణి ఎప్పుడూ చూళ్ళేదు. తెలిసే దారే లేదు బాబూ."

నాలుగోనాటి పొద్దున్నే అందరూ కలిసి చెట్టు దులిపేశారు. పండన్నది ఒక్కటి మిగలకుండా ఒళ్ళో కట్టుకున్నారు. అభయుడి పంచె మడతలోనూ దోసెడు పళ్ళున్నాయి. మధ్యాహ్నం రణధీరుడు వచ్చాడు. కొమ్మకొమ్మా తడిమాడు. ఖాళీ బుట్టతో బురుజెక్కాడు.

కాసేపటికి చిలక అరిచింది. "ఆకలి!" వందల గొంతులు పోయినా ఇంకా ఒక్క గొంతు ఉంది దానికి. ఆ గొంతు రణధీరుడిది. "తమ్ముడూ, ఆకలేస్తోందిరా!"

పిల్లలూ, ఇంతసేపూ అభయుడు పడింది ఒక భయమే కాదు. ఇదీ భయమంటే. చిన్నప్పట్నించీ తనని చెయ్యి పట్టి నడిపించిన గొంతు ఆకలని ఏడుస్తోంది. తన ఒళ్ళో పళ్ళున్నాయి. చెవులు మూసుకున్నాడు. చెవులు మూసుకున్నా వినబడింది.

అప్పుడు బురుజు తలుపు తెరుచుకుని సుఖవర్ముడు దిగివచ్చాడు. పట్టుబట్టలు, ముత్యాల పాదుకలు, తెల్లటి గడ్డం. ఎడమకాలు ఈడుస్తున్నాడు. వెనకాల రణధీరుడు, అతని చేతిలో పంజరం. పంజరంలో చిలక రెక్కలు వాల్చేసి ఉంది.

"మేత పెట్టరా!" అని వెనక్కి తిరగకుండానే గద్దించాడు సుఖవర్ముడు. రణధీరుడు ఖాళీ బుట్ట ఊపాడు. "ఏం కావాలో చెప్పరా!" రణధీరుడికి నోరేదీ చెప్పడానికి? ఆ నోరు తీసేసింది తనే.

గోడవారన నిలబడ్డ అభయుడు వణుకుతూ ముందుకొచ్చాడు. "అది ఏం తింటుందో పెట్టేవాడికే తెలుసు. దానికి చేసే సేవ నీకే, చేస్తుండగా మూడుసార్లు ఆయన మొహం చూడు. నోరొస్తుంది. చెబుతాడు."

"నా సేవకుడి మొహం నేను చూడ్డమా? పట్టుకో వీణ్ణి!" అన్నాడు సుఖవర్ముడు.

పంజరం కింద పెట్టి రణధీరుడు రెండు చేతులతో తమ్ముడి గొంతు పట్టుకున్నాడు. చెంగలి, గుణధీరుడు పరిగెత్తుకొచ్చి ఆ చేతులు ఊడదీయబోయారు. ఇనప కడియాల్లా బిగుసుకున్నాయి, ఊడిరాలేదు.

సుఖవర్ముడు చప్పట్లు కొట్టాడు. ఎవరూ రాలేదు. తనే కాలీడ్చుకుంటూ బురుజులోకి పోయి దానిమ్మపళ్ళు తెచ్చాడు, జీడిపప్పు తెచ్చాడు, పాలకోవా తెచ్చాడు. చిలక దేన్నీ ముట్టలేదు. సుఖవర్ముడికి కుడికాలు కూడా పడిపోయింది. పంజరం పక్కన కూలబడ్డాడు.

"మొహం చూడు" అన్నాడు అభయుడు రెండోసారి. గొంతు నొక్కుకుపోయి మాట సన్నగా వచ్చింది.

"నేను చూడను" అన్నాడు సుఖవర్ముడు. ఈసారి ఆ మాటలో గర్వం లేదు. గడ్డం వణుకుతోంది. డెబ్బై ఏళ్ళుగా మొహాలు తీసేసినవాడు, తీసేశాక మిగిలేదేమిటో ఒక్కసారి కూడా చూసి ఎరగడు. భయమంటే ఎలా ఉంటుందో అభయుడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? చటుక్కున గుర్తుపట్టాడు.

"నీకు భయమేస్తోంది. నాకూ వేసింది. ఇప్పుడూ వేస్తోంది" అన్నాడు. అన్న నున్నటి మొహం జానెడు దూరంలో ఉంది. కళ్ళు బైర్లు కమ్ముతున్నా మూయకుండా దాన్నే చూస్తున్నాడు. "చూస్తే చావవు. చూడు!"

మూడోసారి అడిగేసరికి సుఖవర్ముడు తల తిప్పాడు. కళ్ళు గట్టిగా మూసుకునే తిప్పాడు. "తమ్ముడూ, ఆకలి" అంది చిలక, చాలా నీరసంగా. సుఖవర్ముడి రెప్పలు కొద్దిగా విడ్డాయి. వెంట్రుకవాసి విడ్డాయి. నున్నగా, తెల్లగా ఏదో కనబడింది కాబోలు, గావుకేక పెట్టి రెండు చేతులతో కళ్ళు కప్పేసుకున్నాడు.

అభయుడి చెయ్యి పంచె మడతలోకి పోయింది. ఒక వేపపండు తీశాడు. ఇచ్చేద్దామనే తీశాడు, నేను అబద్ధం చెప్పను. అది కింద పడి పంజరం దాకా దొర్లింది. సుఖవర్ముడి మోకాలి పక్కనే ఆగింది. కళ్ళు తెరిస్తే కనబడేది. ఆయన తెరవలేదు. చిలక ఒక్కసారి రెక్క కొట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. మూసిన కళ్ళ మీద చేతులు అలాగే ఉండగా సుఖవర్ముడూ ఒరిగిపోయాడు.

గొంతు మీద వేళ్ళు వదులయ్యాయి. అభయుడి ఎదురుగా ముందు కళ్ళొచ్చాయి, తర్వాత ముక్కొచ్చింది, తర్వాత నోరొచ్చింది. రణధీరుడు తమ్ముడి మెడ మీది కమిలిన గుర్తులు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు.

"నేనేనా?" అన్నాడు.

"నీ చేతులన్నయ్యా. నువ్వు అప్పటికి ఇంకా రాలేదు" అని అభయుడు అన్న గుండెల మీద తల పెట్టుకున్నాడు.

మంత్రపు చీపుళ్ళు పుల్లలు పుల్లలుగా విడిపోయాయి. వెనకవీధిలో పేరుకున్న ఎండాకాలం కంతల్లోంచి ముందువీధిలోకి వచ్చింది. పోగయి ఉన్నప్పుడు చంపే ఎండ, ఊరంతా పంచుకునేసరికి మామూలు ఎండైంది. అరుగుల మీదివాళ్ళకి చెమటలు పట్టాయి. మొదటిరోజు ఏడ్చారు. రెండోరోజు బిందెలెక్కడున్నాయో అడిగారు. మూడోరోజు చెరువుకి దారి అడిగారు. మేడల వెనకగోడలు పడగొట్టి తలుపులు పెట్టారు. ఊరు నడపడానికి ఒకరు కావాలి కదా, వెనకవీధివాళ్ళంతా అభయుణ్ణే రాజుగా ఉండమన్నారు. సింహాసనం చాలా ఎత్తుగా ఉందని భయపడుతూనే ఎక్కాడు. రణధీరుడు, గుణధీరుడు కుందనవరం వెళ్ళి తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకొచ్చారు. అభయుడికీ చెంగలికీ ఐదురోజుల పెళ్ళి జరిగింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నలభై ఏళ్ళు చల్లగా ఏలారు.

పెళ్ళినాటి సంగతొకటి చెప్పి ముగిస్తాను. కొత్తజంటకి హారతివ్వడానికి ఒక ముసలమ్మ వచ్చింది. వానచుట్టులో చూరెక్కి జల్లెడ పట్టిన మనిషి. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఈ ఊరొచ్చి మొహం పోగొట్టుకుంది. మొహం తిరిగొచ్చాక కూడా ఎలా ఉందో చూసుకునే ధైర్యం చాల్లేదు పాపం. హారతి వెలిగించబోతూ తళతళలాడే పళ్ళెంలోకి అనుకోకుండా చూసింది. చూసి ఆగిపోయింది. పెళ్ళిపీటల మీంచి అభయుడు కంగారుగా లేచి, "ఏమైంది అవ్వా, భయమేసిందా?" అన్నాడు.

ముసలమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కుని, వేళ్ళతో చెంపలు తడుముకుంది.

"లేదు నాయనా" అంది. "మా అమ్మొచ్చింది."